బీల్‌లో స్విట్జర్లాండ్‌ను ఓడించాం. ఇకనైనా సొంతూళ్ళో గడ్డి కోర్టే దిక్కు అనుకోవడం మానేద్దామా?

కోనేటికట్ట (తిరుపతి)
14 సెప్టెంబరు 2025, ఉదయం 7:40

రాత్రి సరిగా నిద్రపోలేదు, సంతోషంతోనే. దేశాల జట్లు ఆడే టెన్నిస్ పోటీ డేవిస్ కప్‌లో మనవాళ్ళు స్విట్జర్లాండ్ పోయి, బీల్ ఊళ్ళో ఇండోర్ హార్డ్ కోర్టు మీద 3-1తో గెలిచారు. యూరప్ జట్టును వాళ్ళ ఊళ్ళోనే ఓడించడం 1993లో ఫ్రాన్స్ తర్వాత ఇదే. 32 ఏళ్ళు! పొద్దున పేపరు మొత్తం తిరగేస్తే లోపలి పేజీలో అరచేయంత వార్త ఉంది. అందుకే ఇక్కడ రాస్తున్నా, ఈ గుంపులో టెన్నిస్ చూసేవాళ్ళు నలుగురైనా ఉంటారని.

దక్షిణేశ్వర్ సురేష్ అని మదురై అబ్బాయి. డేవిస్ కప్‌లో అతనికిదే మొదటి మ్యాచ్, ర్యాంకు 600 దాటి ఉంది. తనకంటే ఎంతో మెరుగైన ర్యాంకున్న జెరోమ్ కిమ్‌ను వరుస సెట్లలో కొట్టేశాడు. ఆ వెంటనే సుమిత్ నాగల్, హ్యూస్లర్‌ను కూడా వరుస సెట్లలోనే పంపించాడు. శనివారం డబుల్స్‌లో శ్రీరామ్ బాలాజీ, మన హైదరాబాదు రిత్విక్ చౌదరి మూడు సెట్లు పోరాడి ఓడిపోయారు. అప్పుడు కొంచెం భయం వేసింది. కానీ నాగల్ మళ్ళీ వచ్చి, ఈ ఏడాదే ఆస్ట్రేలియన్ ఓపెన్ జూనియర్స్ గెలిచిన హెన్రీ బెర్నెట్‌ను 6-1, 6-3తో ముగించాడు.

నా ప్రశ్న ఇది. టై (రెండు దేశాల మధ్య అయిదు మ్యాచ్‌ల పోరు) మన దేశంలో పడిందంటే చాలు, గడ్డి కోర్టు వేయిద్దాం, యూరప్ వాళ్ళు తడబడతారు అంటారు. ఇప్పుడు హార్డ్ కోర్టు మీద, పైకప్పు కింద, వాళ్ళ ప్రేక్షకుల మధ్య గెలిచాం కదా. ఇంకా గడ్డినే నమ్ముకోవాలా?


శ్రీకాళహస్తి_కుర్రోడు
14 సెప్టెంబరు, ఉదయం 8:15

అన్నా, నేనూ చూశా, ఫోన్లో. దక్షిణేశ్వర్ సర్వీస్ చూస్తే ఒళ్ళు జలదరించింది. అంత ఎత్తు మనిషి, బంతి మేడ మీది నుంచి దిగినట్టే దిగుతోంది.

గడ్డి సంగతికొస్తే, 2019లో కోల్‌కతా సౌత్ క్లబ్‌లో ఇటలీ వచ్చినప్పుడు గడ్డి మీదే ఆడించారు. ఏమైంది? 3-1తో ఓడిపోయాం. బెరెటిని, సెప్పి వచ్చి సింగిల్స్ మూడూ పట్టుకుపోయారు. మనకు మిగిలింది బోపన్న, దివిజ్ శరణ్ గెలిచిన డబుల్స్ ఒక్కటే. ఆట తెలిసినవాడికి గడ్డైనా ఒకటే, సిమెంటైనా ఒకటే.


నెట్_దగ్గర (తిరుపతి)
14 సెప్టెంబరు, ఉదయం 9:02

తమ్ముడూ, ఒక్క ఓటమి చూపించి గడ్డిని తీసిపారేయొద్దు. 2022లో ఢిల్లీ జింఖానా గడ్డి మీద డెన్మార్క్‌ను 4-0తో ఓడించాం. మర్నాటి ఏడాది అదే డెన్మార్క్‌తో వాళ్ళ దేశంలో ఇండోర్ హార్డ్ కోర్టు మీద ఆడితే 3-2తో పోయింది. 1995లో మన లియాండర్ పేస్, క్రొయేషియా ఇవానిసెవిచ్‌ను కొట్టిందెక్కడ? ఢిల్లీలో, గడ్డి మీద. మొదటి రెండు సెట్లు పోయి, మూడోది టైబ్రేక్‌లో (6-6 అయితే సెట్టు తేల్చే ఆఖరి గేము) లాక్కుని, చివరి సెట్టు 6-1. అప్పుడు ఇవానిసెవిచ్ సర్వీసంటే ప్రపంచంలో ఎవరికైనా వణుకే.

ఆతిథ్య జట్టు తనకు నచ్చిన కోర్టు వేసుకోవచ్చని నిబంధనలోనే ఉంది. అందరూ వాడుకుంటున్న హక్కును మనమెందుకు వదులుకోవాలి?


శ్రీకాళహస్తి_కుర్రోడు
14 సెప్టెంబరు, ఉదయం 9:20

అన్నా, 2022లో డెన్మార్క్ వాళ్ళ మేటి ఆటగాడు రూనే లేకుండా వచ్చింది. వాళ్ళ ఊళ్ళో ఆడినప్పుడు రూనే ఉన్నాడు. తేడా గడ్డిదా, రూనేదా?


గిరింపేట_పెద్దాయన (చిత్తూరు)
14 సెప్టెంబరు, మధ్యాహ్నం 12:30

నాయనలారా, మీ వాదన చదవతా ఉంటే నాకు మా మట్టి కోర్టు గుర్తుకొచ్చింది. అది చెప్పినాక కోర్టు సంగతికొస్తా.

నేను చిత్తూరులో క్లబ్బు కోర్టు మీద ఆట నేర్చుకున్నా. తెల్లారి అయిదుకే పోతా ఉంటిమి. కోర్టు చూసుకునే మార్కరు ఒకాయన ఉండె. ఆయన కోర్టు తడపకుండా ఎవురినీ గీత దాటనిచ్చేవాడు కాదు. ముందు కొబ్బరి పీచు చాప లాగాల, తర్వాత నీళ్ళు చల్లాల, మట్టి కొంచెం బిగిసినాక రోలరు. ఇద్దరు పిల్లోళ్ళం రోలరు కమ్మీ పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు లాగితే అప్పుటికే చొక్కా తడిసిపోయేది. చివర్లో సున్నంతో గీతలు. అదంతా అయినాక ఆట. బంతి ఎక్కడ పడిందో మట్టి మీద అచ్చు ఉంటాది కాబట్టి అవుటా కాదా అని కొట్లాట ఉండేది కాదు. మార్కరు వచ్చి వంగి చూసి, వేలుతో అచ్చు చుట్టూ ఒక గుండ్రం గీసి పోయేవాడు. అంతే, ఇంక మాట లేదు.

మట్టి మీద బంతి మెల్లంగా లేస్తాది. ఒక్క దెబ్బతో పాయింటు రాదు. పది సార్లు, పదిహేను సార్లు తిరగ్గొట్టాల. అందుకే ఒక సంగతి చెప్తా. 1993లో మనం ఫ్రాన్సును ఓడించినామే, ఫ్రెజూస్‌లో, అది ఎర్రమట్టి మీద. పేస్‌కు అప్పుడు ఇరవై ఏండ్లు. రెండు రెండు సమానమైనప్పుడు అయిదో మ్యాచు ఆడి గెలిపించింది రమేష్ కృష్ణన్, ఆట నుంచి తప్పుకునే కాలంలో. ఆయనకు జోరైన సర్వీసు లేదు. చేతిలో మెత్తదనం ఉండాది, తలకాయ ఉండాది. కోర్టు ఏదైతేనేం?


పలమనేరు_బేస్‌లైన్
14 సెప్టెంబరు, మధ్యాహ్నం 1:05

పెద్దాయనా, మీ రోలరు ముక్క చదివి మా నాన్నకు వినిపించా. ఆయనా లాగారట, పలమనేరులో కాదు, మదనపల్లిలో చదివేటప్పుడు. "గీతల సున్నం కాళ్ళకంటుకుని ఇంటికొస్తే అమ్మ గడప దాటనిచ్చేది కాదు" అన్నారు.

నాకో సందేహం. మనం 1966, 1974, 1987 మూడు సార్లూ ఫైనల్లో ఓడిపోయాం కదా. అప్పుడు ఏ కోర్టు మీద ఆడారు?


గిరింపేట_పెద్దాయన
14 సెప్టెంబరు, మధ్యాహ్నం 1:50

1974లో ఓడిపోలేదు నాయనా. ఆడలేదు. ఈ తప్పు చానా మంది రాస్తారు, అందుకే విడమరిచి చెప్తా.

ఆ ఏడాది కలకత్తాలో ఆస్ట్రేలియాను 3-2తో ఓడించినాము. టైబ్రేక్ లేని కాలం అది, డేవిస్ కప్పులోకి టైబ్రేక్ వచ్చింది 1989లో. ఆ ఒక్క టైలో మొత్తం 327 గేములు ఆడినారు. విజయ్ అమృత్‌రాజ్, ఆనంద్ అమృత్‌రాజ్ అన్నదమ్ములు డబుల్సులో 17-15 అని సెట్టు గెలిచినారు. తర్వాత పూణేలో సోవియట్ యూనియన్‌ను ఓడించినారు. ఫైనల్లో ఎదురుపడింది దక్షిణాఫ్రికా. నల్లవాళ్ళను మనుషులుగా చూడని ప్రభుత్వం ఆడ ఉండె. ఆ దేశంతో ఆడేది లేదని మన దేశం తీర్మానం చేసింది. కప్పు వాళ్ళకు పోయింది. డేవిస్ కప్ ఫైనల్ ఆడకుండానే తేలిపోయింది ఆ ఒక్క సారే.

అప్పుడు నాకు పదహారేండ్లు. చానా ఏడుపొచ్చింది. ఆ జట్టు ఆడుంటే గెలిచేదని ఇప్పుటికీ నా నమ్మకం. మా నాయన ఒక్క మాటే అన్నాడు, "కప్పు కోసరం వాళ్ళ చెయ్యి పట్టుకుంటామా" అని. అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు ఆ కప్పు లేదన్న బాధా ఉండాది, అది సరైన పని అన్న నమ్మకమూ ఉండాది. రెండూ ఒకే చోట ఉంటాయి.

1966 ఫైనల్ మెల్‌బోర్న్‌లో, గడ్డి మీద, ఆస్ట్రేలియాతో 4-1. మనకొచ్చిన ఆ ఒక్కటీ డబుల్సు. రామనాథన్ కృష్ణన్, జైదీప్ ముఖర్జియా కలిసి న్యూకోంబ్, రోచ్ జోడీని ఓడించినారు. 1987లో గోథెన్‌బర్గ్. స్వీడన్ వాళ్ళు తెలివిగా ఇండోర్ స్టేడియంలో మట్టి పరిపించినారు. విలాండర్ ఉండాడు వాళ్ళకు. 5-0.


నెట్_దగ్గర
14 సెప్టెంబరు, మధ్యాహ్నం 2:30

చూశారా, నా మాటనే మీరు నిలబెట్టారు పెద్దాయనా. స్వీడన్ ఎందుకు మట్టి పరిపించింది? మనం అదే ఏడాది సిడ్నీలో గడ్డి మీద ఆస్ట్రేలియాను ఓడించి వచ్చాం కాబట్టి. ఆఖరి మ్యాచ్‌లో రమేష్ కృష్ణన్ వాలీ మసూర్‌ను ఓడించాడు. గడ్డి మీద మనమంటే భయపడ్డారు.


కోనేటికట్ట
14 సెప్టెంబరు, సాయంత్రం 4:10

నెట్_దగ్గర అన్నా, ఆ కాలానికి మీ మాట నిజమే. కానీ ఆ గడ్డి ఆటగాళ్ళు ఇప్పుడున్నారా? కృష్ణన్‌లు, అమృత్‌రాజ్‌లు గడ్డి మీద బాగా ఆడినవాళ్ళు. కలకత్తాలో గడ్డి కోర్టుల మీద పెద్ద పోటీలు జరిగేవి. ఇప్పటి పిల్లలు పుట్టినప్పటి నుంచీ హార్డ్ కోర్టు మీదే ఆడుతున్నారు. నాగల్‌ను తీసుకొచ్చి గడ్డి మీద నిలబెడితే ఎదుటివాడికంటే అతనికే ఇబ్బంది. అతను మట్టి మీద, హార్డ్ కోర్టు మీద పరుగెత్తి పరుగెత్తి గెలిచే మనిషి.

నేను కళ్ళారా చూసిన టై ఒకటి చెబుతా. 2010 సెప్టెంబరు, చెన్నై నుంగంబాక్కం, బ్రెజిల్‌తో. శుక్రవారం రెండు సింగిల్స్ అయిదేసి సెట్లు ఆడి రెండూ పోగొట్టుకున్నాం. శనివారం పేస్, భూపతి డబుల్స్ గెలిచారు. ఆదివారం పొద్దున నేనూ మా బావమరిదీ సప్తగిరి ఎక్కాం. రైల్లో ఎవరినడిగినా "ఇంకేముంది, అయిపోయింది, ఎందుకు పోతారు" అనేవాళ్ళే.

ఆ ఎండ నేను మర్చిపోలేను. సిమెంటు గట్టు మీద కూర్చోలేక కింద టవలు వేసుకున్నాం. మన సోమ్‌దేవ్ మొదటి సెట్టు టైబ్రేక్‌లో గెలిచాడు. ఎదురుగా బెల్లూచి. గేము మారినప్పుడల్లా మెడ మీద ఐసు టవలు పెట్టుకుని కూర్చుంటున్నాడు, కుర్చీలోంచి లేవడం ఆలస్యమవుతోంది. రెండో సెట్టులో బంతి పక్కకు పోతే చూస్తూ నిలబడిపోయాడు. అడుగు వేయలేదు. నా పక్కనున్న పెద్దావిడ తమిళంలో "పాపం" అంది. 4-0 దగ్గర వచ్చి చెయ్యి కలిపేశాడు. 2-2. తర్వాత బోపన్న, రికార్డో మెల్లోను వరుస సెట్లలో కొట్టాడు. స్టేడియం మొత్తం నిలబడే ఉంది. వచ్చేటప్పుడు బస్సులో నాకు గొంతు లేదు.

అది గడ్డి కాదు, హార్డ్ కోర్టు. ఆ రోజు మనకు కోర్టు కంటే చెన్నై ఎండ కలిసొచ్చింది. ఆ ఎండలో రోజూ ఆడి పెరగడం కలిసొచ్చింది. అందుకే నేననేది, పిల్లలు ఏ కోర్టు మీద పెరిగితే ఆ కోర్టే వేయాలి.


శ్రీకాళహస్తి_కుర్రోడు
14 సెప్టెంబరు, సాయంత్రం 4:45

అన్నా, 0-2 నుంచి గెలవడం 2018లోనూ జరిగింది, చైనాలో, తియాంజిన్‌లో. డబుల్స్ పేస్, బోపన్న గెలిచారు. ఆ గెలుపుతో డేవిస్ కప్‌లో పేస్ డబుల్స్ విజయాలు 43, ఇటలీ పియత్రాంజెలీ 42ను దాటేశాడు. అప్పుడు పేస్‌కు 44 ఏళ్ళు. కానీ టై గెలిచింది ఆ తర్వాత రామ్‌కుమార్, ప్రజ్ఞేశ్ రెండు సింగిల్స్ గెలిస్తేనే.

అసలు సమస్య కోర్టు కాదని నాకనిపిస్తోంది. టైలో అయిదు మ్యాచ్‌లు. డబుల్స్ ఒక్కటే, సింగిల్స్ నాలుగు. పేస్, భూపతి వరుసగా 24 డబుల్స్ గెలిచారు డేవిస్ కప్‌లో. అంత గొప్ప జోడీ ఉండి కూడా మనం ఫైనల్ మొహం చూడలేదు. ఎందుకంటే వాళ్ళెంత గెలిచినా టైకి ఒక్క పాయింటే. మొదటి సింగిల్స్ ఆటగాడు ఉన్నప్పుడు రెండోవాడు లేడు. మొన్న బీల్‌లో రెండోవాడు దొరికాడు, అంతే తేడా.


నెట్_దగ్గర
14 సెప్టెంబరు, సాయంత్రం 5:20

ఇది ఒప్పుకుంటున్నా తమ్ముడూ. రెండో సింగిల్స్ ఆటగాడు. 1987లో విజయ్ ఒక పక్క, రమేష్ ఒక పక్క. 1993లో రమేష్, పేస్. మనం పైకి పోయిన ప్రతిసారీ ఇద్దరున్నారు.

మన తెలుగువాళ్ళలో సాకేత్ మైనేని ఆ స్థాయికి వచ్చాడు. 2016లో స్పెయిన్ ఢిల్లీకి వచ్చినప్పుడు పేస్‌తో కలిసి నడాల్, మార్క్ లోపెజ్ మీద ఆడాడు. రియోలో బంగారు పతకం గెలిచి నెల దాటిన జోడీ అది. మొదటి సెట్టు మనవాళ్ళే తీసుకున్నారు! తర్వాత మూడు సెట్లు పోయాయి గానీ ఒక్కొక్కటీ దగ్గరదగ్గరగానే పోయింది. విష్ణువర్ధన్ లండన్ ఒలింపిక్స్‌లో పేస్ పక్కన ఆడాడు. ఇప్పుడు రిత్విక్. కానీ చూడండి, విశాఖ, హైదరాబాదు. మన చిత్తూరు, తిరుపతి వైపు నుంచి ఒక్కడు లేడు. చెన్నై మనకు మూడు గంటల దారి.


పుత్తూరు_అమ్మ
14 సెప్టెంబరు, రాత్రి 9:35

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. పైన చివరి మాట చూసి ఉండలేక రాస్తున్నాను.

మా బాబుకు పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి. నాలుగేళ్ళుగా ఆడుతున్నాడు. వారానికి నాలుగు రోజులు బడి వదలగానే పుత్తూరు నుంచి తిరుపతికి బస్సులో తీసుకుపోతాను. వాడు ఆడుతుంటే నేను బయట గట్టు మీద కూర్చుని మర్నాటి వంటకు చిక్కుళ్ళు తుంచుకుంటూ ఉంటాను. తిరిగి వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. పోయినేడు మణికట్టు బెణికితే మా ఊరి కట్టే కట్టించాం. మూడు వారాలు రాకెట్టు ముట్టొద్దన్నారు. ఆ మూడు వారాలూ ఎడం చేత్తో గోడకు కొట్టాడు.

ఇప్పుడు బడిలో పిలిచి చెప్పారు, తొమ్మిదో తరగతి నుంచి సాయంత్రం ఏడున్నర దాకా ఐఐటీ ఫౌండేషన్ క్లాసులు, ఎవరికీ మినహాయింపు లేదని. కోచ్ ఏమో చెన్నైకి మార్చేయండి అంటున్నారు. మా ఆయన ఉద్యోగం ఇక్కడ. ఇద్దరం రెండు ఊళ్ళలో కాపురం పెట్టేంత స్తోమత లేదు. మొన్న వాడు దక్షిణేశ్వర్ మ్యాచ్ చూసి, "అమ్మా, ఆ అన్న కూడా మన పక్కోడే" అన్నాడు. నేనేం చెప్పాలో తెలియలేదు. చదువు, ఆట రెండూ సాగే దారి ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.


శ్రీకాళహస్తి_కుర్రోడు
14 సెప్టెంబరు, రాత్రి 10:02

అక్కా, దారి ఉంది. దక్షిణేశ్వర్ అమెరికాలో వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీకి ఆడాడు. సోమ్‌దేవ్ వర్జీనియా యూనివర్సిటీలో చదువుతూ 2007, 2008లో అక్కడి కాలేజీల సింగిల్స్ ఛాంపియన్ అయ్యాడు. మన సాకేత్ అలబామా యూనివర్సిటీ. అక్కడ టెన్నిస్ బాగా ఆడే పిల్లలకు స్కాలర్‌షిప్ ఇస్తారు. కాలేజీ జట్టుకు ఆడుతూ డిగ్రీ చేస్తారు. కాకపోతే మార్కులూ కావాలి, ఇంగ్లీషు పరీక్షా రాయాలి. అంటే చదువు వదిలేయక్కర్లేదు, వదలకూడదు కూడా.

నేను పదో తరగతిలో వదిలేశాను అక్కా. మా ఇంట్లో ఈ కాలేజీ సంగతి ఎవరికీ తెలియదు. తెలిసుంటే అడిగి ఉండేవాణ్ణి.


కోనేటికట్ట
14 సెప్టెంబరు, రాత్రి 10:30

అమ్మా, ఇప్పుడే చెన్నైకి మార్చాల్సిన తొందర లేదని నా అభిప్రాయం. సెలవుల్లో అక్కడ టోర్నమెంట్లు ఆడించండి. పుత్తూరు నుంచి పొద్దున రైలెక్కితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. బడి వాళ్ళతో మీరొక్కరే మాట్లాడితే వినరు. రాతపూర్వకంగా అడగండి, వాడు ఆడిన పోటీల కాగితాలు జత చేయండి. ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు ఆట, సాయంత్రం వాళ్ళ క్లాసులు, అలా సర్దుకోవడానికి ఒప్పుకోవచ్చు. నేను కూడా వస్తా, కావాలంటే. ఉత్తరం నేనే రాసిస్తా.


నెట్_దగ్గర
14 సెప్టెంబరు, రాత్రి 10:41

ఉదయం ఆట అయితే తిరుపతిలో నేను రోజూ అయిదున్నరకే కోర్టులో ఉంటా. బాబుతో గంట సేపు నేను ఆడతా. డబుల్స్ మనిషినే గానీ, సర్వీస్ తిరగ్గొట్టడం వాడికి బాగా అలవాటవుతుంది.


గిరింపేట_పెద్దాయన
15 సెప్టెంబరు, ఉదయం 5:10

అమ్మా, రాత్రి చూడలేదు, తొందరగా పండుకుంటా.

1966లో కలకత్తాలో బ్రెజిల్ మీద రామనాథన్ కృష్ణన్ ఆడిన మ్యాచు మా నాయన చెప్తా ఉండె. అయిదో మ్యాచు, రెండు సెట్లు ఒకటితో వెనకపడి, నాలుగో సెట్టులో 2-5. అవతల థామస్ కోచ్. ఆడి నుంచి గెలిచి మన దేశాన్ని మొదటిసారి ఫైనలుకు తీసకపోయినాడు. 2-5 దగ్గర ఆయన కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు, చిన్నప్పుడు నేర్చుకున్నదే. బంతి లోపల వేయడం.

మీ వాడు ఎడం చేత్తో గోడకు కొట్టినాడన్నారే, ఆ మాట కాడ చదవడం ఆపి కాసేపు కూర్చుండిపోయినా. ఆ పిల్లోడికి మట్టి చూపించాల. చిత్తూరులో మేం నలుగురం ముసలోళ్ళం ఇంకా ఒక మట్టి కోర్టు కాపాడుకుంటా ఉండాము. రోలరు అదే. వచ్చే ఆదివారం తెల్లారి ఆరుకు పిల్చుకొని రండి. బస్టాండుకు మా మనవడు బండి తెస్తాడు. రాకెట్టు తీగలు మరీ బిగించొద్దని చెప్పండి, మట్టి మీద 48 పౌండ్లు చాలు. అరికాలు నున్నగా అరిగిన బూట్లు వద్దు, జారతాది. టిఫిను మా ఇంట్లో.


పుత్తూరు_అమ్మ
15 సెప్టెంబరు, ఉదయం 6:25

వస్తాం సార్. వాడికి చదివి వినిపించాను. రోలరు తనే లాగుతాడట, ఎవరినీ ముట్టనివ్వొద్దని చెప్పమన్నాడు.


గిరింపేట_పెద్దాయన
15 సెప్టెంబరు, ఉదయం 6:31

ఒక్కడితో కాదమ్మా అది, ఇద్దరు కావాల. శ్రీకాళహస్తి అబ్బాయిని కూడా రమ్మను.


శ్రీకాళహస్తి_కుర్రోడు
15 సెప్టెంబరు, ఉదయం 7:50

వస్తాను తాతా. పాత రాకెట్టు అటక మీదుంది. తీగలు తెగిపోయాయి, ఈరోజే కట్టించడానికి ఇస్తా. 48 అన్నారు కదా?